లెక్కలో చేరని వెలుగు

సికింద్రాబాదును ఆనుకొనియున్న బేగంపేటలో నిజామియా వేధశాల యుండెడిది. 1914 మొదలుకొని అచ్చటివారు దక్షిణాకాశములో తమకు అప్పగింపబడిన ఒక పట్టీని గాజుపలకలపై ఫొటోలు తీసి, నక్షత్రములను ఒక్కొక్కటిగా లెక్క వ్రాసిరి. ఎంత ఓపిక!

ఆ పట్టీలోనే 2021లో శాస్త్రజ్ఞులొక క్వాసారును కనుగొనిరి. క్వాసారనగా మహా కృష్ణబిలము చుట్టు తిరుగుచు, అందులో పడబోవు వాయువు కాగి వెలుగుట. బిలము మాత్రము చీకటియే. ఈ బిలము బరువు 160 కోట్ల సూర్యులంత. దాని వెలుగు బయలుదేరి సుమారు 1300 కోట్ల సంవత్సరములైనది. విశ్వము ఆరంభమైన 67 కోట్ల సంవత్సరములకే అది అంతగా ఎట్లు పెరిగెనో నేటికిని తేలలేదు.

ఆ వెలుగు 1914లోను బేగంపేట మీద పడుచునే యుండెను. అయితే అది మిక్కిలి సన్నగిల్లి, విశ్వము వ్యాకోచించుటచేత సాగి, కంటికి కనబడని పరారుణ కాంతియైనందున పలకలకు అందలేదు.

ఇన్ని కోట్ల యేండ్ల మాట విన్నచో విశ్వాసము సడలదా అని మన సంఘములలో కొందరు అడుగుచుందురు. మాకట్లు తోచదు. నక్షత్రములను దేవుడు పేరు పెట్టి పిలుచునని చెప్పిన కీర్తనకారుడు, మన కంటికి ఆననివాటిని విడిచిపెట్టలేదు గదా. శాస్త్రజ్ఞులు దీనికిచ్చిన పేరైతే జె0313-1806. అది ఆకాశములో దాని చిరునామా మాత్రమే.