మోరీ మీద బండ

మా ఇంటి ముందు మోరీ మీద ఒక బండ ఉండేది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. బేతంచెర్లలో పుట్టి, ముప్పై ఏళ్లు పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి దాని బరువు తూచకుండానే చెప్పగలను. రెండు క్వింటాళ్ల పైమాటే. స్కూటరు లోపలికి ఎక్కించుకోవడానికని వేయించాను. తర్వాత స్కూటరు పోయి మోటార్‌సైకిలు వచ్చింది. అల్లుడు వచ్చినప్పుడు అతని కారు ముందుచక్రాలు కూడా దానిమీదే నిలబడేవి. పదహారేళ్లలో ఆ బండ కింద ఏముందో నేను ఒక్కసారీ చూడలేదు.

పోయిన వానాకాలంలో చూడాల్సి వచ్చింది. రాత్రి కురిసిన వాన నీళ్లు సరిగ్గా మా బండ దగ్గర ఎదురుతన్ని, మోరీ దాటి, గొంది మీదుగా ఎదురింటి చాచా వాళ్ల నడిమింట్లోకి పోయాయి. వాళ్లది పాత మిద్దె. రోడ్డు మీద రోడ్డు వేసిన ప్రతిసారీ గొంది ఎత్తు పెరిగింది, వాళ్ల గడప మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవాలి.

తెల్లారి మోరీలు తీసేవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకామె పారను బండ అంచున ఆనించి నన్ను పిలిచింది.

“అన్నా, ఈ బండ ఎత్తాల. ఎత్తితే గానీ పార దూరదు.”

“ఎట్లెత్తేదమ్మా, నలుగురు మగోళ్లు కావాల.”

“ఏసేటప్పుడు నలుగురు దొరికినారు గదన్నా.”

ఎగతాళిగా అనలేదు, కోపంగానూ అనలేదు. కొంగు నడుముకు చెక్కుకుంటూ మామూలుగానే అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. గొందిలో నలుగురిని పిలుచుకొచ్చి, రెండు గడ్డపారలు పెట్టి ఎత్తించాను. కింద నీళ్లు లేవు, బురద కూడా కాదు. ఫ్యాక్టరీల నుంచి బండలతో పాటు వచ్చే తెల్లటి రాతిపొడి, ఇంటింటి బోకుల జిడ్డు, పాలకవర్లు కలిసి అట్టకట్టి, కోస్తే ముక్కలొచ్చేంత గట్టిగా ఉంది. మా మనవరాలు ఎప్పుడో పోగొట్టుకుని ఏడ్చిన రబ్బరు బంతి అందులో ఉంది.

మా ఊళ్లో రాయికి కరువు లేదు. వానకు కరువుంటుంది, పనికి కరువుంటుంది, బండకు ఉండదు. నేల బండ, గోడ బండ, పైకప్పు బండ, చేను చుట్టూ కంచె కూడా నిలువుగా పాతిన బండలే. అందుకే ఇక్కడ ఇల్లు రోడ్డు మీదికి ఒక్కసారిగా రాదు, బండ బండగా నడుచుకుంటూ వస్తుంది. మొదట మోరీ మీద ఒకటి. దాని మీద మెట్టు. మెట్టు పక్కన కూర్చునేదానికి రెండు. తులసికోటకు చుట్టూ నాలుగు. ఆఖరికి, వానజల్లు కొడుతోందని ఒక రేకు. ఏ అడుగూ తప్పనిపించదు. ప్రతి అడుగుకూ ఒక కారణముంటుంది, అది ఇంట్లో వాళ్లకు బాగానే వినపడుతుంది.

ఊరికి దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు ఆ గుహల్లో తవ్వి, ఎప్పుడో అంతరించిన జంతువుల ఎముకలు బయటికి తీశారు. ఆ గుహలను తొలిచింది మనుషులు కాదు, నీళ్లు. మేం మోరీల మీద వేసుకునే జాతి రాయినే కరిగించుకుంటూ లక్షల ఏళ్లు నిదానంగా దోవ చేసుకుపోయాయి. మా గొందిలో నీళ్లకు అంత తీరిక లేదు. ఒక్క రాత్రిలోనే చాచా ఇంట్లోకి దోవ చూసుకున్నాయి.

బేతంచెర్ల ఇప్పుడు నగర పంచాయతీ. 2021 నవంబరులో 20 వార్డులకు తొలి ఎన్నికలు జరిగాయి. మరుసటేడు ఏప్రిల్లో కర్నూలు జిల్లా రెండై మేం నంద్యాల జిల్లాలోకి వచ్చాం. బోర్డుల మీద పేర్లు మారాయి, చట్టం కూడా మారింది. చిత్రమేమంటే, కొత్త హోదా మాకు పాత చట్టాన్ని తెచ్చిపెట్టింది. పల్లెగా ఉన్నప్పుడు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద ఉన్నాం. పట్టణమయ్యాక 1965 నాటి పురపాలక చట్టం కిందికి వచ్చాం. వయసులో నాకు దగ్గరిదే. ఇల్లు కడితే చుట్టూ ఎంత వదలాలి, మోరీ మీదికి ఎంత రావచ్చు, బండి ఎక్కడ పెట్టాలి, చెత్త ఎప్పుడు బయటపెట్టాలి అనేవన్నీ ఇప్పుడు కాగితం మీద ఉన్నాయి.

దారికి అడ్డం పెట్టడం నేరమని మాత్రం కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో దానికి జరిమానా రెండు వందల వరకూ. నూట అరవై ఏళ్ల పైచిలుకు ఆ అంకె కదల్లేదు. తెల్లదొర కాలంలో రెండొందలంటే సంసారం తలకిందులయ్యే మొత్తం. మా అల్లుడి కారు కాలానికి అది టీ ఖర్చు. 2024 జూలై 1న కొత్త భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ నేరానికి అయిదు వేల దాకా వేయొచ్చు. లెక్కలు రాసినవాడిగా ఆ అంకెల వరస చూస్తే నాకు ముచ్చటేస్తుంది. శిక్ష అంకెల్లో మారకపోయినా విలువలో కరిగిపోతుంటే ఎవరికీ పట్టలేదు, మోరీలో పూడికలాగే.

జపానులో 1962లోనే ఒక చట్టం చేశారు. కారు కొనాలంటే ముందు దాన్ని పెట్టుకునే చోటు చూపించాలి, పోలీసుల దగ్గర ఆ మేరకు పత్రం తెచ్చుకోవాలి. అల్లుడికి ఈ సంగతి చెప్పాను. “అయితే మామా, మన ఊళ్లో పెళ్లికి ముందు మామగారి వాకిలి కొలుచుకోవాల,” అన్నాడు.

కాగితాలకంటే ముందు మా పెద్దోళ్లకు ఒక కొలత ఉండేది. గొంది ఎంత వెడల్పుండాలి? పాడె పోయేంత. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, పక్కన మోతమార్చే మనిషి. దానికి మించి అడుగు ముందుకొచ్చి అరుగు కట్టినవాణ్ణి మా అవ్వ ఒకే ప్రశ్న అడిగేది, “నీ పాడె ఎట్ల పోతుందబ్బీ?” దానికి మారుమాట్లాడినవాణ్ణి నేను చూడలేదు.

పన్నెండేళ్ల కింద మా గొంది చివర ఒక పెద్దమ్మ పోయింది. పాడె లేచే వేళకు గొందిలో బండల లోడుతో ఒక ట్రాలీ నిలబడి ఉంది. ట్రాక్టరు విప్పుకుని డ్రైవరు అన్నానికి పోయాడు, ఫోను ఎత్తలేదు. ఆ పక్కన వరసగా మోటార్‌సైకిళ్లు, అన్నీ హ్యాండిల్ తాళాలు వేసినవి. మగపిల్లలు వాటిని ఒక్కొక్కటీ ఎత్తి అరుగుల మీద పెట్టారు. ట్రాలీని ఏం చేయలేకపోయారు. మిగిలిన సందులోంచి పాడెను పక్కకు వాల్చి తీసుకుపోతుంటే ఒరిగింది. పడలేదు, ఒరిగింది, అంతే. నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచే కొడుకు వెనక్కి తిరిగి చూడగూడదంటారు. చూశాడు.

ఆ ట్రాలీ లోడుకు పొద్దున బిల్లు రాసింది నేనే.

పాత కాలమంతా పాలు తేనె అని చెప్పడానికి ఇది రాయడం లేదు. రాయని కట్టుబాట్లకు ఇంకో ముఖముంది. ఏ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, ఏ వీధిలో ఎవరు చెప్పులు చేతబట్టుకుని నడవాలి, ఏ బావి దగ్గర ఎవరు దూరంగా నిలబడి నీళ్లు పోయించుకోవాలి, ఇవీ ఎక్కడా రాసి లేవు. అందరికీ తెలుసు. కాగితం మీద లేని దాన్ని పట్టుకుని ఏ కోర్టుకు పోవాలి? మోరీ బండ ఎత్తమని నన్ను నేరుగా అడిగినామె వాళ్ల అవ్వ, మా అవ్వ ముందు అట్లా అడిగుండేదా? అందుకే కాగితం మీది రూలంటే నాకు గౌరవమే. అది బండ యజమానినీ పార పట్టినామెనూ ఒకే వాక్యంలో నిలబెడుతుంది, కనీసం వాక్యంలో.

అలంకారాల దగ్గరికి వచ్చేసరికి ఏ రూలుకైనా కాళ్లు తడబడతాయి. పెళ్లి షామియానా గొందికి అడ్డంగా మూడు రోజులుంటే ఎవ్వరూ కిమ్మనరు. ఆ మూడు రోజులూ ఆటోవాడు చుట్టు తిరిగి పోతాడు, పోతూ పోతూ ఒక లడ్డు అడుగుతాడు. వినాయకచవితి పందిరి సంగతీ అంతే. మా పక్క పల్లెల్లో పీర్లచావిడి ముందు దారి నడిమధ్యలో గుండం ఉంటుంది. సిమెంటు రోడ్డు వేసినప్పుడు కూడా ఆ చోటును వదిలేసి వేశారు. మొహర్రం నాడు దాని చుట్టూ అలాయి ఆడేవాళ్లలో సగం మంది హిందువులే. కాంట్రాక్టరు కొలతల పుస్తకంలో ఆ గుండ్రటి ఖాళీని ఏమని రాసుకున్నాడో చూడాలని నాకు చాలా కోరిక.

ఫ్లెక్సీలు వేరే జాతి. అవి పండగతో దిగవు. ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని 2022 ఆగస్టులో విశాఖపట్నంలో ప్రకటించారు, అమలు తేదీ వాయిదా పడింది. మా బస్టాండు దగ్గర మాత్రం ఇప్పటికీ ఏడాది నిండిన పసిబిడ్డ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చుట్టూ ఇరవై మంది మామల ముఖాలతో నవ్వుతుంటాడు. ఒక్క మెప్పుకోలు మాట చెప్పాలంటే, దించాక మా వాళ్లు దాన్ని పారేయరు. కొట్టం మీద కప్పుతారు, శనక్కాయలు ఆరబోస్తారు. వానకు గడ్డివామి మీద నాయకుడు బోర్లా పడుకుని ఉంటాడు.

ముగ్గు ఒక్కటే నాకు తెలిసి రోడ్డును వాడుకుని కూడా ఆక్రమించని అలంకారం. అది తొక్కించుకోవడానికే పుట్టింది. పొద్దున వేస్తే మధ్యాహ్నానికి సగం ఆటో చక్రాలకు అంటుకుని ఊరంతా తిరిగివస్తుంది. కడప సీమలోని మంగంపేటలో దొరికే ముగ్గురాయిని పిండి చేసి దేశదేశాల్లో చమురు బావులు తవ్వేటప్పుడు వాడతారు. దాన్ని ఇప్పటికీ ముగ్గురాయి అనే పిలుచుకోవడం నాకు బాగుంటుంది.

ఈ గోలంతా మా అన్న కూతురికి ఫోన్లో చెప్పాను. ఆ పాప డాలస్ పక్కన ఒక చిన్న ఊళ్లో ఉంటుంది. డాలస్ నగరంలోనైతే ఇంటి ముందు గడ్డి 12 అంగుళాలు దాటకూడదని నిబంధన. వీళ్ల ఊళ్లోనూ అట్లాంటిదే ఉందట. పోయినేడు నెలరోజులు ఇండియాకు వచ్చి తిరిగిపోయేసరికి తలుపుకు నోటీసు అంటించి ఉంది.

“నోటీసుకు నాకేం బాధ లేదు చిన్నాయనా,” అంది. “పక్కింటాయనే వాళ్లకు ఫోన్ చేసి చెప్పినాడంట. మూడేళ్ల నుంచి రోజూ చెయ్యి ఊపుతాడు. నాకు ఒక మాట చెప్పొచ్చు గదా?”

ఆ మాట ఫోను పెట్టేశాక కూడా నన్ను వదల్లేదు. పక్కింటాయన ఎందుకు చెప్పలేదో నాకు అర్థమైంది. చాచా కూడా నాకు చెప్పలేదు కాబట్టి. ఆయన ఇంట్లోకి నీళ్లు పోవడం అదే మొదటిసారి కాదు. రెండు మూడేళ్లుగా చిన్న చిన్న వానలకు కూడా పోతున్నాయట, పొద్దున్నే చాచీ గోనెసంచులతో అద్ది పిండేదట. ఈ సంగతి నాకు చెప్పింది చాచా కాదు, బండ ఎత్తిన రోజు వాళ్ల మనవడు.

“ఎందుకు చెప్పలేదు చాచా?” అని అడిగాను.

“ఏం చెప్తాంలే అబ్బీ. చెప్తే నువ్వు ఏమనుకుంటావో. రోజూ ముఖాలు చూసుకోవాల.”

ముప్పై ఏళ్లుగా రంజాను సేమియా ఇటు వస్తోంది, ఉగాది ఓళిగలు అటు పోతున్నాయి. నీ బండ నా ఇంటిని ముంచుతోందనే మాట మాత్రం ఆ పళ్లేల మీద ఇటు రాలేకపోయింది. నేను కోపిష్టినని గొందిలో పేరేమీ లేదు. ఉందేమో, నాకు చెప్పలేదేమో. చాచా నోటికి రాని మాటను, తన జీతపు పనిగా, రూలు పేరు మీద, పార పట్టినామె వచ్చి చెప్పింది. ఆమెకు నా ముఖం రోజూ చూడాల్సిన అవసరం లేదు. ఆ మాట ఆమెకే ఎందుకు మిగిలిందా అని ఆ వారమంతా నిద్ర పట్టే ముందు ఆలోచించాను.

ఆదివారం పాత ఫ్యాక్టరీ నుంచి మిషనువాణ్ణి పిలిపించాను. ఆ బండను అడ్డంగా మూడు ముక్కలు కోయమన్నాను. ప్రతి ముక్కకూ అంచున గడ్డపార మొన దూరేంత గంటు. మంచి బండను పాడు చేస్తున్నానని వాడికి బాధ. “మూడంగుళాల మందం సార్, ఇట్లాంటిది ఇప్పుడు గనిలో దొరకదు,” అన్నాడు రెండుసార్లు. కోత పొడి తెల్లగా లేచి మా వాకిలంతా, మా ఆవిడ పొద్దున వేసిన ముగ్గు మీద కూడా పడింది. ఒక్కో ముక్క డెబ్బై అయిదు కేజీల లెక్కన వస్తుంది. ఇద్దరుంటే చాలు, అలవాటున్న మనిషైతే గడ్డపారతో ఒక్కరే ఒక పక్కకు జరపొచ్చు. అల్లుడి కారు ఇక దానిమీద నిలబడదు. అది ఇప్పుడు రైల్వేస్టేషను రోడ్డులో, ఒక తెలిసినాయన ఖాళీ స్థలంలో ఉంటుంది. రాత్రి పది నిమిషాలు నడిచి రావాలని అల్లుడి గొణుగుడు.

చాచా లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి ఒక ముక్క తానే ఎత్తి చూశాడు. మళ్లీ దించాడు. కిందికి వంగి మోరీలోకి చూశాడు, నీళ్లు సన్నగా పోతున్నాయి. తర్వాత తన ఇంటి ముందు మోరీ మీదున్న బండ వైపు తిరిగాడు. అది మా దానికంటే పెద్దది.

“కోతకు ఎంత తీసుకున్నాడు?” అన్నాడు.

చెప్పాను.

“శానా ఎక్కువ,” అన్నాడు చాచా. మిషనువాడు ఇంకా పోలేదు, వైరు చుట్టుకుంటున్నాడు.