వదిలేస్తే తీరినట్టేనా?

పోయిన వారం వీడియోలో వడ్డీకాసులవాడి కథ చెప్పుకున్నాం కదా. పెళ్ళికి కుబేరుడి దగ్గర తీసుకున్న అప్పుకి స్వామి ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడంటారు. ఆ కథ చెప్పిన నాకే ఓ పాత క్రెడిట్ కార్డు బాకీ ఉంది. ఉద్యోగం పోయినప్పుడు 80 వేలు పేరుకుపోతే, బ్యాంకువాళ్ళు 45 వేలకి సెటిల్‌మెంట్ ఇచ్చారు. దేవుడి దయ అనుకున్నాను. ఈమధ్య ఇంటి లోన్‌కి వెళితే సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని లేదు, ‘సెటిల్డ్’ అని ఉంది. అంటే పూర్తిగా కట్టలేదని. 300 నుంచి 900 దాకా ఉండే స్కోరులో నాది 640.

కోపమొచ్చింది. మా ఊరు జంగారెడ్డిగూడెం వెళ్ళినప్పుడు, మంగళవారం గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికి వెళ్తూ దారిలో నాన్నతో అన్నాను: “వాళ్ళు ఒప్పుకున్నాకే కదా నాన్నా నేను కట్టింది!”

“వాళ్ళు వదిలేశార్రా, సరే. నువ్వు తీర్చావా?”

నిజంగా లేనివాడికి ఆ వెసులుబాటు ఉండాల్సిందే, అందులో పాపమేం లేదు. కానీ నాకు మళ్ళీ ఉద్యోగమొచ్చి రెండేళ్ళయింది. మధ్యలో కొత్త బైకు కూడా కొన్నాను.

మొన్న బ్యాంకుకి వెళ్ళి మిగతా 35 వేలు కడతానన్నాను. కౌంటర్లో అమ్మాయి “ఎందుకండీ?” అని రెండుసార్లు అడిగింది. కట్టేశాను. నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చి, సిబిల్‌కి తెలియజేస్తామన్నారు. స్కోరు మాత్రం వెంటనే పెరగదట.