నీటి తేట – మనస్సు తేట

ఎనుమాముల వంటి ఊళ్ళలో పెరటి తొట్టి నీరు వేసవిలో పచ్చబడి పాచి కట్టుట గృహస్థులెరిగినదే. మన పూర్వులు బురదనీటికి చిల్లగింజను రాతిపై అరగదీసి కలిపెడివారు. దానినే సంస్కృతమున కతకమందురు. మన్ను అడుగునకు దిగి నీరు తేరును. కాని గోడనంటిన పాచి దానితో పోదు. ఎండ సోకుచు, ఆకులు, మెతుకులు, పూజాపుష్పములు అందు కుళ్ళుచున్నంతకాలము అది మరల పుట్టుచునే యుండును. కావున నీటిని తోడి, గోడలు తోమి, పైన మూత వేయవలెను.

భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణుడు కాళింది మడుగునకు మందు వేయలేదు. విషమూలమైన కాళియుని వెడలగొట్టెను. పిమ్మటనే నీరు అమృతతుల్యమయ్యెను.

కతకమను పేరు పలికినంతనే నీరు తేరదని మనుస్మృతి ఆరవ అధ్యాయము తెలుపుచున్నది. ఇది నామమహిమకు విరోధమా? కాదు. భగవన్నామము వట్టి పేరు కాదు, గింజయు అదియే. అయినను గింజను అరగదీయవలెను గదా! ఒకచేత జపమాల త్రిప్పుచు, వేరొకచేత ద్వేషమను కుళ్ళును మనస్సున వేయుచున్నచో తేట ఎట్లు నిలుచును?

అట్లని తేటపడువరకు స్వామిని పిలువకుండనక్కరలేదు. విషపుమడుగున దుమికిన దయామయుడు మన మడుగునకు రాకపోడు.