కనుమ దారిలో నంబరు ప్లేటు

బెంగుళూరు నుండి కృష్ణగిరి, ధర్మపురి మీదుగా సేలం పోయే 44వ నంబరు జాతీయ రహదారి తొప్పూరు వద్ద కొండల నడుమ వంపులు తిరుగుతూ దిగుతుంది. ఈ కనుమ నిన్న మొన్నటిది కాదు. 1790లో టిప్పు సుల్తాను సైన్యం ఇంగ్లీషువారిని తప్పించుకొని ఈ కనుమ గుండానే దక్షిణానికి దిగినది. అంతకు సుమారు తొమ్మిది వందల ఏండ్లకు పూర్వం, నాడు తగడూరు అనబడిన ధర్మపురిలో, వర్తకులైన శెట్టులు జైన బసదిని కట్టించినట్లు నొళంబ రాజుల కాలపు శాసనం వలన తెలుస్తున్నది. కావున వర్తకుల రాకపోకలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. కొత్తదల్లా వేగమే.

2020 డిసెంబరు 12న ఈ దిగుడులో ఒక లారీ పట్టుతప్పి, ముందున్న పది వాహనాలకు పైగా గుద్దివేసినది, నలుగురు మరణించారు. 2024 జనవరి 24న మళ్ళీ అట్టిదే జరిగి మరి నలుగురు పోయారు. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. డీజిలు మిగులుతుందని కొందరు డ్రైవర్లు దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో బండిని వదులుతారు. అప్పుడు ఇంజను పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది, బ్రేకులు కాగి పనిచేయడం మానుతాయి. నాలుగు లీటర్ల డీజిలు కోసం నాలుగు ప్రాణాలు. ఈ లెక్క ఏ చిట్టా పుస్తకంలో వ్రాసినా సరిపోదు.

ఈ లారీల సందుల గుండానే మోటారు సైకిళ్ళు కూడ దిగుతాయి. ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది; వారిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోతున్నవారు. మరణాలలో నూటికి 70కి పైగా అతివేగం వలన జరిగినవేనని ఆ నివేదికయే చెప్పినది. ఇంత తెలిసి కూడ, వేగాన్ని కొలిచే కెమెరా పేరెత్తితే మోటారు సైకిలు నడిపే యువకునికి కలిగేది చిరాకే గాని కృతజ్ఞత కాదు. ఎందుచేత? ఈ ప్రశ్నను తోసిపుచ్చక కొంచెం నిదానంగా చూడదగి ఉన్నది.

ఆ యంత్రం పుట్టుక చిత్రమైనది. హాలండు దేశస్థుడు మారిస్ గాట్సోనీడెస్ కార్ల పందెగాడు. 1953లో మాంటె కార్లో పందెం గెలిచినవాడు. మలుపులలో తన బండి వేగాన్ని సరిగా కొలుచుకొని ఇంకా వేగంగా నడపడానికి ఆయన తయారు చేసుకొన్న సాధనమే తరువాత పోలీసుల చేతికి వచ్చినది. నేటి యంత్రాలు రాడారుతోనో, రెండు చోట్ల బండి దాటిన కాలాన్ని చూచియో వేగం లెక్కకట్టి, నంబరు ప్లేటును చదివి, ఆ నంబరు ఎవరి పేర ఉన్నదో వారికి చలాను పంపుతాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం దీనికి దారి వేసినది. జాతీయ రహదారులలో ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట్ల ఇట్టి యంత్రాలను అమర్చవలెననీ, కెమెరా ఉన్నదని ముందుగానే బోర్డు పెట్టవలెననీ 2021 ఆగస్టులో నియమం వచ్చినది. తొప్పూరు దిగుడు వంటి చోటు గాక అట్టి నియమానికి మరి ఏ చోటు తగుతుంది?

మోటారు సైకిలువారి వాదాలు కొన్ని ఉన్నవి. ఇది ఖజానా నింపుకొనే వల అని ఒకరంటారు. బండి చేతిలో ఉన్నవాడికి దారి తెలుసును గాని స్తంభం మీది పెట్టెకేమి తెలుసునని ఇంకొకరు. ప్రాణాలు తీసేది లారీలైతే తమ వెంట పడడమెందుకని మరొకరు. వీటిలో సత్యాంశం లేకపోలేదు. తెలంగాణలో 2022 మార్చిలో పేరుకుపోయిన చలానులను వసూలు చేయడానికి ద్విచక్ర వాహనాలకు నూటికి 75 వంతులు తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్ళీ 80 వంతులు తగ్గించారు. గడువులో పూర్తిగా కట్టినవాడు తెలివితక్కువవాడైనాడు, ఎగవేసినవాడు బేరమాడి గెలిచినట్లైనది. పండుగ వెళ్ళిన తరువాత మిగిలిన బట్టలకు రిబేటు ఇవ్వడం కొట్టులో తప్పు కాదు. దండనకు రిబేటు ఇస్తే అది దండన అనిపించుకోదు, వల అన్నవాని మాటకు బలం చేకూరుతుంది.

కాని వాదించేవారందరూ వాదంతో ఆగడం లేదు. కొందరు ప్లేటును పైకి వంచుతారు. కొందరు ఒక అంకె మీద నల్ల స్టిక్కరు అంటించి 8ని 3గా చేస్తారు. వెనుక కూర్చున్నవాడు కెమెరా దగ్గర పడగానే చేయి అడ్డం పెడతాడు. కరోనా కాలంలో ముక్కుకు కట్టవలసిన మాస్కు ప్లేటుకు కట్టినవారు కూడ ఉన్నారు. ప్లేటు మీద అక్షరాలు ఏ పరిమాణంలో ఉండవలెనో కూడ నియమాలు నిర్ణయించినవి. మోటారు సైకిలుకు వెనుకవైపు అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు. 2019 ఏప్రిలు 1 నుండి కొత్త బండ్లకు సులభంగా ఊడదీయరాని భద్రతా ప్లేట్లు వచ్చినవి. అయినా మనిషి ఉపాయం నియమం కంటె ఒక అడుగు ముందే ఉంటుంది.

గ్రీకు తత్వవేత్త ప్లేటో తన గ్రంథంలో ఒక గొల్లవాని కథ చెప్పించినాడు. వానికి ఒక ఉంగరం దొరికినది. దాని పొడిని లోపలికి త్రిప్పితే వాడు ఎవరికీ కనబడడు. ఆ బలంతో వాడు రాజును చంపి రాజ్యమెక్కినాడు. అట్టి ఉంగరం దొరికితే నీతిమంతుడు మాత్రం నీతిగా ఉండునా అని అక్కడ ప్రశ్న. నేడు ఆ ఉంగరం పది రూపాయల స్టిక్కరై ప్రతి వీధిలోను దొరుకుతున్నది.

జైన తత్వానికి ఈ ప్రశ్న కొత్తది కాదు, కష్టమైనది కూడ కాదు. తీర్పు చెప్పి శిక్ష వేసే దేవుడు ఈ తత్వంలో లేడు. కర్మ బంధించడానికి సాక్షి అక్కరలేదు, చలాను అక్కరలేదు, రిబేటు అసలే లేదు. తత్వార్థ సూత్రం హింసను నిర్వచించేటప్పుడు ప్రమాదాన్ని, అనగా ఏమరుపాటును, దానికి మూలంగా చూపినది. (తెలుగులో రోడ్డు మీది దుర్ఘటనకు కూడ ప్రమాదమనే పేరు స్థిరపడినది, భాష తెలియకయే నిజం చెప్పినది.) మునులకు చెప్పిన ఈర్యా సమితి ప్రకారం నడిచేవాడు కాడి పొడవున, అనగా సుమారు నాలుగు మూరల మేర, ముందున్న నేలను చూచుకొంటూ అడుగు వేయవలెను. గృహస్థుడు సామాయికానికి కూర్చునే ముందు, తన రాకపోకలలో నలిగిన ప్రాణులకై క్షమాపణ చెప్పుకొంటాడు. కాలి నడకకు ఇంత జాగ్రత్త చెప్పినవారు మోటారు సైకిలును చూచి ఉంటే ఏమి చెప్పేవారో ఊహించవచ్చును. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కన్ను చూచి చేయి బ్రేకు మీద పడేలోగా ఒక సెకను గడిచినా ముప్పయి మూరలకు పైగా దారి కాళ్ళ క్రిందనుండి పోయినట్లే. అక్కడినుండి ఆగడానికి మరి కొంత. వేగం రెండింతలైతే ఆ కొంత నాలుగింతలు. దిగుడైతే ఇంకా ఎక్కువ. చేతిలో ఎంత నేర్పు ఉన్నా ఈ లెక్క మారదు.

వ్యాపారస్థులకు మరొక మాట దగ్గరగా ఉంటుంది. సత్య వ్రతానికి చెప్పిన అతిచారాలలో కూటలేఖనం, అనగా దొంగ వ్రాత, ఒకటి. అస్తేయ వ్రతానికి చెప్పినవాటిలో తప్పుడు తూనికలు ఒకటి. ముద్ర అరిగిపోయిన తూనికరాయిని త్రాసులో పెట్టి, ఇన్స్పెక్టరు వచ్చినప్పుడు మాత్రం మంచి రాయిని బయటికి తీసే అంగడివానిని ఏ ఊరి బజారూ మెచ్చదు. 8ని 3గా చేసినవాడు ఏ వరుసలో నిలుస్తాడు? పైగా ఆ 3 అంకె గల నంబరు ఇంకొకరిది కావచ్చును. వేగం వీనిది, చలాను ఏ పాపమూ ఎరుగని మరొక గృహస్థుని ఇంటికి. జరిమానా తప్పించుకొన్నాననుకొనేవాడు నిజానికి దానిని పరుని ఖాతాలో వ్రాసినాడు.

ఇంతవరకు ఇది ప్రభుత్వానికీ బండివానికీ మధ్య తగవు వలె కనబడుతుంది. అసలు నష్టపడేవాడు మూడవవాడు. కెమెరాకు కనబడని ప్లేటు, రోడ్డు మీద పడి ఉన్నవానికి కూడ కనబడదు. కొట్టి పోయిన బండి ఏదో తెలియనప్పుడు, 2022 ఏప్రిలు 1 నుండి అమలైన పథకం ప్రకారం మృతుని కుటుంబానికి వచ్చే పరిహారం రెండు లక్షల రూపాయలు. తీవ్రంగా గాయపడినవానికి 50,000. బండి తెలిసి తప్పు రుజువైతే లెక్క వేరు. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతిని అనుసరించి, నెలకు 20,000 రూపాయలు సంపాదించే 35 ఏండ్లవాడు భార్యను, ఇద్దరు పిల్లలను వదలి పోయినాడనుకొందాం. ఏడాది ఆదాయం 2,40,000. తన సొంత ఖర్చుకు మూడవ వంతు తీసివేయగా 1,60,000. దానిని 16తో గుణిస్తే 25,60,000. ఇతర పద్దులు దీనికి అదనం. ఇన్సూరెన్సు ఉంటే ఈ సొమ్ము కంపెనీ చెల్లిస్తుంది, నడిపినవాని కొంప మునగదు. స్టిక్కరు వలన ఆ వితంతువు ఖాతాలో తగ్గినది 23,60,000 రూపాయలు. బండివానికి మిగిలినది వెయ్యి, లేదా రెండు వేలు.

హుండీ మీద సంతకం ఎందుకు చేస్తారో వర్తకులకు ఎవరూ నేర్పనక్కరలేదు. ముఖం ఎరుగని దూరపు ఊరివాడు ఆ సంతకాన్ని నమ్మి సొమ్ము ఇస్తాడు. నంబరు ప్లేటు కూడ అపరిచితునికి ఇచ్చిన సంతకమే. పక్కన నడిచే ముసలివాడు, బడికి పోయే పిల్ల, ఎదురుగా వచ్చే సైకిలువాడు ఆ సంతకాన్ని నమ్మి రోడ్డు మీదికి వస్తున్నారు.

కెమెరాను వ్యతిరేకించడం తప్పనడం దీని భావం కాదు. ప్రతివాని రాకపోకలూ యంత్రంలో నమోదైతే ఆ చిట్టా ఎవరి చేతిలో, ఎంతకాలం ఉండవలెననేది న్యాయమైన ప్రశ్న; ఆంతరంగికత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వేగ పరిమితి అసంగతంగా ఉన్న చోట అర్జీ పెట్టవచ్చును, చలాను తప్పైతే కోర్టులో వాదించవచ్చును. కాని 1930లో ఉప్పు చట్టాన్ని ధిక్కరించినవారు ముఖాలకు గుడ్డ కట్టుకొని ఉప్పు వండలేదు. ఫలానా రోజున, ఫలానా చోట అని ముందుగా చెప్పి వెళ్ళినారు. ప్లేటు వంచేవానిలో ధిక్కారం కూడ లేదు. కెమెరా స్తంభం వరకు నెమ్మదిగా పోయి, స్తంభం దాటగానే రెట్టింపు వేగంతో దూకేవానిలో అంతకంటెను లేదు.

ఇక బండి ఎవరిదన్న సంగతి ఒకటి మిగిలినది. కెమెరా నడిపేవాని పేరు చదవదు, నంబరు చదువుతుంది. చలాను యజమాని పేర వస్తుంది. మైనరు నడిపి నేరం చేస్తే సంరక్షకునికి, లేక యజమానికి, మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతున్నది. కొట్లలో సరుకు చేరవేసే కుర్రవాళ్ళకు బండి ఇచ్చేటప్పుడు యజమాని సాధారణంగా చెప్పేది ఒకటే మాట: పదకొండు గంటలలోగా పార్సెలు అందవలెను. పదిన్నరకు కొట్టు వదలిన కుర్రవాడు, ఇరవై కిలోమీటర్లు ఆ కనుమ దారిలో పోవలసి ఉంటే, ఏ వేగంతో పోతాడో యజమాని లెక్కవేయడు. సాయంత్రం బండి తిరిగి వచ్చిన తరువాత కొట్టు ముందు నిలబడి ప్లేటు వైపు ఒకసారి చూచేవారు ఇంకా అరుదు. చూస్తే అది వంగి ఉన్నదో, నిటారుగా ఉన్నదో రెండు క్షణాలలో తెలుస్తుంది; వంగి ఉంటే ఎందుకు వంచవలసి వచ్చినదో ఆ కుర్రవానినే అడగవచ్చును, పదకొండు గంటల మాట కూడ అప్పుడే మార్చవచ్చును.