శక్తి పోయిందా, అడ్డు పడిందా?

అశోక్‌నగర్‌లో సివిల్స్‌కు చదివేవాళ్లలో ఫిలాసఫీ ఆప్షనల్‌గా తీసుకున్నవారికి న్యాయ వైశేషికుల కార్యకారణ సిద్ధాంతం తప్పదు. సిలబస్‌లో ఉంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో దాన్ని బట్టీ పడుతూ, పరీక్ష దాటాక ఇది దేనికి పనికొస్తుందని విసుక్కునేవారూ ఉంటారు. హుస్సేన్‌సాగర్ అక్కడికి దగ్గరే. దాని మిగులు నీటిని మూసీకి మోసుకెళ్లే నాలా అశోక్‌నగర్ మీదుగానే పోతుంది. 2000 ఆగస్టులో అది పొంగి ఈ వీధుల్లోకి వచ్చింది. అలాంటి రోజున రబ్బరు బోటు వెనక బిగించిన పెట్రోలు మోటారు, తాడు ఎంత లాగినా స్టార్ట్ కాలేదనుకోండి. సిద్ధాంతం పని అప్పుడు మొదలవుతుంది.

ప్లగ్ విప్పుతారు. క్యాప్‌లో పెట్టి, ఇంజన్ బాడీకి ఆనించి తాడు లాగుతారు. నీలంగా, టప్పుటప్పున కొట్టాల్సిన రవ్వ పసుపు రంగులో సన్నగా వస్తుంది. వెంటనే ఎవరో ఒకరు అనేస్తారు: "కాయిల్ వీకైపోయింది, మార్చెయ్యాలి."

ఇది మీమాంసకుడి మాట. వస్తువులో శక్తి అని వేరే ఒకటి ఉంటుందని, అది పోతే వస్తువు ఉన్నా పని జరగదని వాళ్ల వాదం. నిప్పు కాలుస్తుంది. ఫలానా మణిని పక్కన పెడితే కాల్చదు. మణి తీసేస్తే మళ్లీ కాలుస్తుంది. నిప్పు అదే అయినప్పుడు మారిందేమిటి? లోపలి శక్తి అంటారు మీమాంసకులు.

నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, ఒప్పుకోరు. కంటికి కనపడని మరో పదార్థాన్ని లెక్కలోకి ఎక్కించడం దేనికి? మణి లేకపోవడాన్నే ఒక కారణంగా తీసుకుంటే సరిపోతుంది కదా అంటారు. దీనికి ప్రతిబంధకాభావం అని పేరు. 10వ శతాబ్దపు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదం నడిపాడు. ఆ గ్రంథం రాసింది ఈశ్వరుణ్ణి నిరూపించడానికి. దేవుడి పుస్తకంలో నిప్పు, మణుల గొడవ ఎందుకంటే, కనపడని కారణాన్ని ఎప్పుడు ఒప్పుకోవాలో, ఎప్పుడు కొట్టిపారెయ్యాలో తేలకుండా ఈశ్వరుడి ప్రస్తావనే నిలబడదు. అదృష్టాన్ని, అంటే పుణ్యపాపాలు మిగిల్చే కనపడని ఫలాన్ని, ఒప్పుకున్న ఉదయనుడు శక్తిని కాదనడం మొండితనం కాదు, జాగ్రత్త.

ఇక మోటారు సంగతి. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తిరిగితే ఛార్జ్ కాయిల్‌లో వందల వోల్టులు పుడతాయి. సీడీఐ పెట్టె వాటిని కెపాసిటర్‌లో నింపుతుంది. ట్రిగ్గర్ కాయిల్ సైగ చేయగానే ఆ ఛార్జ్ ఇగ్నిషన్ కాయిల్‌లోకి దూకి, వేల వోల్టులుగా పెరిగి, ప్లగ్ మొనల మధ్య మెరుస్తుంది. ఈ దారిలో ఒక మణి ఉంది. దాని పేరు కిల్ స్విచ్. చాలా ఔట్‌బోర్డ్ మోటార్లలో ఇది పుట్టిన కరెంట్‌ను ఎర్త్‌లోకి దింపేసి ఇంజన్‌ను ఆపుతుంది. తేమ చేరి స్విచ్ లోపల కొద్దికొద్దిగా లీకవుతుంటే, మిగతావన్నీ నిక్షేపంగా ఉన్నా రవ్వ నీరసిస్తుంది. ఆ వైరు విప్పి తాడు లాగితే విషయం బయటపడుతుంది. (అలా స్టార్టయిన ఇంజన్ స్విచ్ నొక్కితే ఆగదు, చోక్ మూసి ఆపాలి. ప్లగ్‌ను బయట పరీక్షించేటప్పుడు దగ్గర్లో పెట్రోలు ఆవిరి ఉండకూడదు.) తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, మసి పట్టిన ప్లగ్, చిట్లిన క్యాప్ కూడా ఇలాంటి అడ్డంకులే.

సరే, కొత్త కాయిల్ వేశారు, ఇంజన్ అందుకుంది. కానీ వేసేటప్పుడు బోల్టు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించారు కూడా. ఘనత కాయిల్‌దా, గీకుడుదా? తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో కార్యానికి ముందు తప్పకుండా ఉండేదే కారణమన్నాడు. అంతటితో చాలదనిపించి, దానికి తానే రాసిన వ్యాఖ్య దీపికలో అది అన్యథాసిద్ధం, అంటే లేకున్నా పని జరిగిపోయేది, కాకూడదని చేర్చాడు. కుండకు ముందు మట్టి మోసిన గాడిదా ఉంటుంది. మరో నైయాయికుడు విశ్వనాథ పంచాననుడు దాన్ని అన్యథాసిద్ధాల్లోకి తోసేశాడు. కొత్త కాయిల్ చాలాసార్లు ఆ గాడిదే. తేల్చుకోవాలంటే పాత కాయిల్‌ను మళ్లీ బిగించి చూడాలి. డబ్బు పోసి కొన్నాక ఆ ఓపిక ఎవరికి ఉంటుంది?

అలాగని మీమాంసకుణ్ణి పూర్తిగా తోసేయలేం. అయస్కాంతాల బలం తగ్గడం ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసిన కాయిల్ వేడెక్కాక మొరాయించడమూ ఉంది. అయితే ఈ శక్తి మీటరుకు దొరుకుతుంది. మామూలు మల్టీమీటర్ క్షణంలో వచ్చిపోయే పల్స్‌ను పట్టలేదు కాబట్టి పీక్ వోల్టేజ్ అడాప్టర్ కావాలి. కంటిని నమ్ముకున్నా చిక్కే. బయట గాలిలో మెరిసిన ప్లగ్ సిలిండర్‌లో, ఒత్తిడి కింద, మెరవకపోవచ్చు. అక్కడ గాలి నొక్కుకుపోయి ఉంటుంది, రవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి.

దసరాకు మోటారుకు బొట్టు పెట్టి శక్తికి దణ్ణం పెట్టుకోవడం వేరే సంగతి, దాంతో ఎవరికీ పేచీ లేదు. రిపేరు దగ్గర మాత్రం నైయాయికుడి వరసే సరైనది. ముందు కిల్ వైరు విప్పి చూడండి. ఆ తర్వాత ఎర్త్, ప్లగ్, క్యాప్ చూడండి. అవన్నీ బాగున్నాయని తేలాకే కాయిల్ కోసం జేబులో చెయ్యి పెట్టండి.