మెంబరు గారి దయ

మా వార్డులో ఒక మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇంటికి కుళాయి వచ్చినా, ముసలమ్మకు పింఛను మంజూరైనా, సందులో దీపం వెలిగినా "అంతా మెంబరు గారి దయ" అంటారు. కృష్ణా కాలువ పక్కనున్న చిన్న మునిసిపాలిటీ మాది. కౌన్సిలర్ అనే మాట కాగితాల మీదే ఉంటుంది. జనం నోట్లో ఆయన మెంబరు గారే.

ఆ మాట విన్నప్పుడల్లా నాలో ఇద్దరు మనుషులు వాదులాడుకుంటారు. ఒకడు లా చదివినవాడు. "మునిసిపాలిటీ కుళాయి ఒకరి దయ ఎలా అవుతుంది? రాజ్యాంగం 243డబ్ల్యూ అధికరణ, పన్నెండో షెడ్యూలు చూడు. అందులోని 18 అంశాల్లో తాగునీరు ఉంది, పారిశుద్ధ్యం ఉంది, మురికివాడల అభివృద్ధి ఉంది, శ్మశానం కూడా ఉంది. మన పన్నుతో మనకు రావలసింది వచ్చింది. ఇందులో దయ ఎక్కడ?" అంటాడు. రెండోవాడు ఆ పేటలోనే పుట్టి పెరిగినవాడు. "షెడ్యూలులో ఉన్న నీళ్లు మన బిందెలోకి నడిచొచ్చాయా? ఎవరో ఒకరు తిరిగితేనే కదా వచ్చాయి. తిరిగిన మనిషికి మనం ఏమీ బాకీ లేమా?" అంటాడు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఈ ప్రశ్నను ఇక్కడ నలుగురి ముందు పెడుతున్నాను.

మా మెంబరు 1995లో మొదటిసారి గెలిచారు. మా పేట నుంచి గెలిచిన మొదటి మనిషి ఆయనే. 2000లో, 2005లో మళ్లీ గెలిచారు. 2010లో పాలకవర్గాల గడువు ముగిశాక 2014 దాకా ఎన్నికలే జరగలేదు. ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఆ నాలుగేళ్లూ ఆయనకు పదవి లేదు. అయినా తెల్లవారేసరికి ఆయన అరుగు మీద జనం ఉండేవారు. రేషన్ కార్డు కోసం ఒకరు, ఆసుపత్రి నుంచి శవాన్ని తెచ్చుకోవడానికి ఒకరు, స్టేషన్లో కూర్చోబెట్టిన కొడుకు కోసం ఒకరు. పాత మోపెడ్, భుజానికి సంచి, సంచిలో స్టాంప్ ప్యాడు, తెల్ల కాగితాలు. వేలిముద్ర వేసేవారికి అర్జీ రాసి, వేలు తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇచ్చేవారు.

వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకే వాల్వు తిప్పే మనిషి వెంట నిలబడేవారు. పై వీధుల వాళ్లు కుళాయికి నేరుగా మోటార్లు బిగించి లాగేస్తే, చివరనున్న మా పేటకు గాలి తప్ప నీళ్లు వచ్చేవి కావు. ఆ మోటార్లు ఊడదీయించారు. ఆ వీధుల ఓట్లు పోతాయని తెలిసే ఊడదీయించారు. ఇదంతా నేను కళ్లారా చూసింది. ఆయన్ను తక్కువ చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

హక్కు తనంతట తాను నడవదు అనడానికి మన చరిత్రలో మహద్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానం నెగ్గింది. ప్రభుత్వ ధనంతో కట్టిన, నడుస్తున్న చెరువులు, బావులు, బడులు అంటరానివారికీ తెరవాలన్నది దాని సారాంశం. 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ తన చవ్‌దార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. కౌన్సిలర్లు చేతులెత్తారు, మినిట్స్ పుస్తకంలో సంతకాలు పడ్డాయి. కానీ మూడేళ్లపాటు ఆ చెరువులో ఒక్క దళితుడి చెయ్యి తడవలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలితో నీళ్లు తాగాకే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. ఆ వెంటనే దెబ్బలు పడ్డాయి, చెరువుకు "శుద్ధి" జరిగింది. అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. కేసు కోర్టులకెక్కి, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తీర్పుతో గానీ హక్కు తేలలేదు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, నడిచేవారు లేని తీర్మానం ఎండిన కుళాయి లాంటిది. రెండోది, ఒకరు చెయ్యెత్తి ఇచ్చింది మరోనాడు ఆ చెయ్యి దించితే పోతుంది. దయకు ఉన్న బలహీనత అదే. ఇచ్చినవాడి మనసు మారినా, ఇచ్చినవాడే మారినా అది నిలవదు.

దానానికీ ప్రజాధనానికీ ఉన్న తేడాను జోతిరావు ఫూలే జీవితంలో స్పష్టంగా చూడొచ్చు. 1868లో ఆయన తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివారికి తెరిచారు. ఆ తొట్టి ఆయనది, కులం వెలేస్తుందన్న భయం ఆయనది, నిర్ణయం ఆయనది. దాన్ని దానం అనవచ్చు. ఆ తర్వాత 1876 నుంచి కొన్నేళ్లు ఆయన పుణె మునిసిపాలిటీ సభ్యుడిగా పనిచేశారు. అక్కడి సొమ్ము ఆయనది కాదు. అందుకే అక్కడ ఆయన పాత్ర మారింది. వైస్రాయి లిట్టన్ రాకకు వెయ్యి రూపాయలు ఖర్చు పెడదామంటే, ఆ డబ్బు పేదల చదువుకు పెట్టమని ఒంటరిగా ఎదురు నిలిచారు. ఊళ్లో సారా దుకాణాలు పెరుగుతుంటే అభ్యంతరం చెబుతూ 1880లో లేఖ రాశారు. ఇంట్లో ఇచ్చేవాడిగా ఉన్న మనిషి మునిసిపాలిటీలో లెక్క అడిగేవాడయ్యాడు. కౌన్సిలర్ పని ఇవ్వడం కాదని, కాపలా కాయడమని నాకు అర్థమైంది ఇక్కడే.

మరి కృతజ్ఞత మాటేమిటి? లోకంలో ఇద్దరు మనుషులు అరుదని తథాగతుడు చెప్పాడు. అడగకముందే మేలు చేసేవాడు ఒకడు, చేసిన మేలు గుర్తుంచుకునేవాడు మరొకడు. కాబట్టి మా పేట ముసలమ్మ మెంబరు గారిని తలుచుకోవడం తప్పు కాదు. మంచి మనసుకు అది గుర్తు. తప్పు ఎక్కడ మొదలవుతుందో 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పారు. జీవితమంతా సేవ చేసిన పెద్దల పట్ల కృతజ్ఞత ఉండవచ్చు గానీ దానికి ఒక హద్దుండాలని, రాజకీయాల్లో భక్తి పతనానికి దారి తీస్తుందని హెచ్చరించారు. ఆ మాటను దేశ నాయకులకే అన్వయించి మనం ఊరుకుంటున్నాం. అది వార్డుకూ వర్తిస్తుంది. మేలు పొందిన మనిషి మర్నాడు అదే మెంబరును "ఈ కాలువకు ఎంత మంజూరైంది? ఎంత ఖర్చయింది?" అని అడగగలిగితే అది కృతజ్ఞత. అడగడానికి నోరు రాకపోతే, అప్పటికే భక్తిలో పడ్డట్టు.

ఇక నా తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

2014లో మా వార్డు మహిళలకు రిజర్వయింది. మెంబరు గారు భార్యను నిలబెట్టారు. ఆమె గెలిచారు. సంతకం ఆమెది, ఫోను ఆయనది. ఇది అన్యాయమని నాకు తెలుసు. సభల్లో ఇలాంటి వాటి గురించి నేను మాట్లాడతాను కూడా. కానీ ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఎన్నో కేసుల్లో నాకు తోడు నిలిచిన మనిషి కదా, ఎలా చెప్పను అనుకున్నాను.

మరుసటి ఏడాది వానాకాలంలో మేమున్న వీధిలో మూత వేసిన మురుగుకాలువ పూడిపోయింది. నీళ్లు ఎదురుతన్ని నా అద్దె ఇంటి వంటగదిలోకి వచ్చాయి. ఇంట్లో చంటిబిడ్డతో మా అమ్మాయి ఉంది. నేను ఫోను చేసింది మునిసిపల్ ఆఫీసుకు కాదు, మెంబరు గారికి. "అన్నా, ఎలాగైనా ఈ పూటే చూడాలి" అన్నాను. గంటలో మనిషి వచ్చాడు. మా పేట కుర్రాడే, కాంట్రాక్టు కింద పనిచేసేవాడు. నడుముకు తాడు కట్టుకుని మూత తీసి దిగాడు. ముఖానికి ఏమీ లేదు, చేతులకు ఏమీ లేవు. నేను అక్కడే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను.

కొద్దిసేపటికి తాడు బరువెక్కింది. ముగ్గురం కలిసి లాగాం. మొహం నల్లబడి, నురగ కక్కుతున్నాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. బతికాడు. కానీ ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసపడతాడు.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని నిషేధించిన చట్టం 2013 డిసెంబరు 6 నుంచి అమల్లో ఉంది. బాబాసాహెబ్ పరినిర్వాణ దినం కాబట్టి ఆ తేదీ నాకు కంఠతా వచ్చు. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ముప్పై లక్షలకు పెంచింది 2023లో. మొదటి తీర్పు కాపీ ఆ రోజు నా బీరువాలోనే ఉంది. కుర్రాడు దిగుతున్నప్పుడు చట్టం చదివిన నేను నోరు విప్పలేదు. ఎందుకంటే ఆ పూట అది నాకు జరుగుతున్న ఉపకారం.

ఆసుపత్రి వరండాలో మెంబరు గారితో గొడవపడ్డాను. "చట్టం తెలీదా అన్నా?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "తెలుసు తమ్ముడూ. ఫోను చేసింది నువ్వని కాదనలేకపోయాను" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈనాటికీ లేదు.

దయకూ ధర్మానికీ తేడా ఆ వరండాలో నాకు తెలిసింది. దయకు ఎదురుగా నిలబడి అడిగేవాడు కనిపిస్తాడు. ఆ పని ఎవరి ఒంటి మీద పడుతుందో కనిపించదు. నా వంటగది కనిపించింది, ఆ కుర్రాడి ఊపిరితిత్తులు కనిపించలేదు. ధర్మం ఎదుట లేనివాడిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. సిగాలుడికి ఉపదేశిస్తూ బుద్ధుడు, పనివారికి వారి శక్తిని బట్టే పని చెప్పాలని, జబ్బు పడితే చూసుకోవాలని యజమానికి విధించాడు. అది యజమాని మంచితనానికి వదిలేసిన విషయం కాదు, అతని బాధ్యత. చట్టం చెప్పేదీ అదే. మెంబరు మంచివాడైతే మనం బతికిపోతామనుకునే వార్డులో, ఆ మంచితనం అందని మనిషి ఎప్పుడూ ఒకడుంటాడు. సాధారణంగా అతను మన పేటవాడే అయి ఉంటాడు.

ఆ తర్వాత ఆయన మారారు. మనిషిని దించమని ఎవరు ఫోను చేసినా కాదనేవారు. పెద్ద వీధుల వాళ్లు "ఈయనకు తల పొగరెక్కింది" అన్నారు. మురుగు తీసే యంత్రం కావాలని కౌన్సిల్ సమావేశంలో అడగమని భార్యకు చెప్పారు. మొదటిసారి ఆమె కాగితం చూసి చదివారు. మూడోసారి కాగితం లేకుండా అడిగారు. యంత్రం రావడానికి ఏడాదికి పైగా పట్టింది. కానీ వచ్చింది. అది వచ్చాక దయ కోసం ఎవరూ ఫోను చేయనక్కర్లేకపోయింది.

2019లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. అప్పుడు మా వార్డు అసలు పరిస్థితి బయటపడింది. పాతికేళ్లుగా ఆయనే రాసిపెట్టడం వల్ల అర్జీ ఎవరికి పెట్టాలో, రసీదు అడగాలని, సమాచార హక్కు కింద దరఖాస్తు ఎలా వేయాలో మా పేటలో దాదాపు ఎవరికీ తెలియదు. మంచం పక్కనే కాగితాలు పట్టుకుని జనం నిలబడేవారు. ఒకరోజు నన్ను దగ్గరకు పిలిచి, తడబడే మాటలతో, "అందరికీ రాసిపెట్టాను. ఒక్కరికీ రాయడం నేర్పలేదు" అన్నారు. ఆ మాట ఆయనకే కాదు, నాకూ తగిలింది. సమాజసేవ పేరుతో నేను చేసిందీ అదే. నా వల్ల కేసు గెలిచినవారు చాలామందే ఉన్నారు. నేను లేకుండా స్టేషన్ మెట్లెక్కగలిగేవారు ఎంతమంది అని లెక్కపెడితే, చేతివేళ్లు మిగిలిపోతాయి.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మా విహారం వరండాలో పిల్లలు పెద్దవాళ్ల చేత అర్జీలు రాయిస్తున్నారు. పిల్లలు రాసి ఇవ్వకూడదు, రాయించాలి. పెట్టుకున్న నియమం అదొక్కటే. సంతకం రానివారు ముందు సంతకం నేర్చుకోవాలి. పని నెమ్మదిగా సాగుతోంది. మెంబరు గారైతే పది నిమిషాల్లో తేల్చేసేది, ఇక్కడ మూడు ఆదివారాలు పడుతోంది. కొందరు విసుక్కుని వెళ్లిపోయారు కూడా.

మొన్న ఒక పెద్దమ్మ వీధిదీపం కోసం తానే రాసిన అర్జీకి మునిసిపల్ ఆఫీసులో రసీదు తెచ్చుకుంది. తిన్నగా మెంబరు గారింటికి వెళ్లి మంచం దగ్గర ఆ రసీదు చూపించింది. అలవాటు కొద్దీ కాళ్లకు దణ్ణం పెట్టబోతే, ఆయన ఎడమచేత్తో ఆపి, ఆ కాగితం తీసుకుని అక్షరం అక్షరం చదివారు.

"నంబరు వేయించావా అక్కా?" అన్నారు.

"వేయించాను నాయనా. వేయకపోతే కదలనన్నాను" అంది.