ఆదివారం ఫోను

చాలా ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామున అయిదింటికే స్టడీ అవర్ బెల్లు మోగుతుంది. రాత్రి పది దాటితే గానీ పుస్తకం మూయనివ్వరు. ఆ వయసుకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతూనే ఉన్నారు. కునికిపాట్లు పడే బిడ్డను బద్ధకస్తుడనడం అన్యాయం.

ఆదివారం వార్డెన్ ఫోను కోసం వరుసలో నిలబడితే దొరికేది కాసిని నిమిషాలు. అమ్మ మొదటి మాట, "వీకెండ్ ఎగ్జామ్‌లో ఎన్నొచ్చాయి నాన్నా?" వాడు గొంతు సర్దుకుని ఓ అంకె చెబుతాడు. అన్నం సయించడం లేదని చెప్పేలోపే వెనకవాడు భుజం తడతాడు.

ఈ ఆదివారం మార్కుల ఊసెత్తకండి. "తిన్నావా, నిద్ర పడుతోందా" అని అడిగి, వాణ్ణి మాట్లాడనివ్వండి. దిగులు వదలడం లేదనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా.